పంతులుగారి చూపు

మృగశిర కార్తె ప్రవేశించి వారము దినములైనను గడువకమున్నే, తొలకరి జల్లు పడినను పడకున్నను, తెలుగునాట బడితలుపులు తెరచుకొనుట ఆచారమైయున్నది. ఏప్రిల్ 24వ తేదీ మొదలు జూన్ 11వ తేదీ వరకు లెక్కపెట్టినచో 49 దినములు. ఆ 49 దినములలో తాళము వేసిన గదిలోని బల్లలమీద దుమ్మును, కిటికీ మూలను పిచ్చుకగూడును, పిల్లవాని మనస్సులో గుణింతము మీద మఱపును ఇంచుమించు ఒకే వేగముతో పేరుకొనును. దుమ్మును చీపురు తొలగించును. గూటిని తొలగించుటకు పిల్లలొప్పుకొనరు. మఱపుతోనే పంతులుగారి సంవత్సరము మొదలగును.

జూన్ 12వ తేదీ ఉదయమున ద్వారమునకు మామిడాకుల తోరణము కట్టి, క్రొత్త సంచులు తగిలించుకొని నవ్వుచున్న బాలబాలికల ఛాయాచిత్రమును మరునాటి పత్రికలన్నియు ప్రచురించును. ఆ చిత్రము అబద్ధము కాదు. కాని ఛాయాచిత్రకారుడు మోటారుసైకిలెక్కి పోయిన పిమ్మట, గంట మ్రోగి, ప్రార్థన ముగిసి, పిల్లలు లోనికి వచ్చి కూర్చున్న పిమ్మట, ఆ గదిలో నేమి జరుగునో ఆ సంగతిని వ్రాసినవారు తక్కువ. ముప్పదినాలుగు సంవత్సరములు ఆ గదిలోనే గడపి, ఇప్పుడు గోడకవతల నిలిచి వినుచున్నవాడను గనుక, ఆ గడియను గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు సాహసించుచున్నాను.

గడప దగ్గరి తరగతి

ఈ యేడు బడి తెరచిన మూడవనాడు విజయనగరం జిల్లాలో తూర్పుకనుమల పాదమున నున్న యొక చిన్న పల్లెకు పోయితిని. అచ్చటి ప్రాథమిక పాఠశాలకు ఉపాధ్యాయురాలు ఒకతే. ఆమె యొకప్పుడు నాయొద్ద అయిదవ తరగతి చదివినది. పిల్లలు 23 మంది: ఒకటవ తరగతిలో ఆరుగురు, రెండవ తరగతిలో నలుగురు, మూడు నాలుగు తరగతులలో అయిదుగురేసి, అయిదవ తరగతిలో ముగ్గురు. తరగతులైదు, గది యొకటి, వసారా యొకటి, పంతులమ్మ యొకతె. పట్టణములలో తరగతికొక గదియు, పాఠ్యాంశమునకొక ఉపాధ్యాయుడును గల బడులకు పిల్లలను పంపువారికి ఇది పాతకాలపు కథవలె తోచును గాని, మన రెండు రాష్ట్రముల పల్లెలలోను గూడెములలోను ఇది నిత్యవ్యవహారము.

నేను పోవునప్పటికి, ఒకటవ తరగతిలో చేరవలసిన పిల్లవాడొకడు గడప దాటనని భీష్మించి, నాలుగవ తరగతి చదువుచున్న అక్క గౌను అంచును రెండు చేతులతో పట్టుకొని, వానాకాలపు కప్పవలె ఏకశ్రుతిలో ఏడ్చుచుండెను. "మాస్టారూ, కూర్చోండి. ఒక్క నిమిషం" అని ఆమె, గదిలోని రెండవ కుర్చీమీద పేర్చియున్న కోడిగ్రుడ్ల అట్టలను తీసి క్రిందపెట్టి, నాకు ఆ కుర్చీ చూపి, పిల్లవానివైపు పోయెను. వానిని ఎత్తుకొని లోనికి తెచ్చుననుకొంటిని. నా కాలపు పంతులైనచో అదియే చేసియుండును. ఆ మీదట వాడు మఱి నాలుగు దినములు బడిముఖము చూచియుండడు. ఆమె వానితో మాటలాడనైన లేదు. అక్కను మాత్రము పిలిచి, "నీ పుస్తకం తెచ్చుకో. ఈ రోజు నీ చోటు గడప దగ్గరే" అని చెప్పి, ఒకటవ తరగతివారిని గడపకు మూడడుగుల దూరమున చాపమీద కూర్చుండబెట్టి, డబ్బాలోని చింతపిక్కలను వారి నడుమ కుమ్మరించెను. పదేసి పిక్కలు కుప్పలు పెట్టుట వారి పని. ఏడుపు కొంతసేపు సాగెను, పిమ్మట వెక్కిళ్లయ్యెను, పిమ్మట "అక్కా, ఆడు తొమ్మిదే పెట్టాడు" అను ఫిర్యాదుగా మారెను. అంగన్‌వాడిలో నేర్చిన అంకెలు ఆ మాత్రము ఉపకరించినవి. ఇంక కొంతసేపటికి ఆ ఫిర్యాదుదారు తానే చాపమీదికి వచ్చి కుప్పలు సరిచేయుచుండెను.

ఈలోపల అయిదవ తరగతివారు మువ్వురును టేపు పట్టుకొని వసారా పొడవును వెడల్పును కొలుచుచుండిరి. మూడు నాలుగు తరగతులవారు, వేసవిలో తాము తిన్న పండ్ల పేర్లను, అవి యే చెట్టునుండి, ఎవరి తోటనుండి, అడిగి తెచ్చినవో అడుగక తెచ్చినవో యను వివరముతో సహా వ్రాయుచుండిరి. రెండవ తరగతివారికి అక్షరముల అట్టముక్కలను పంచి, బొమ్మకు సరియైన మాటను కూర్పుడని చెప్పియుండెను. ఆమె ఏ యొక్కరియొద్దను రెండు నిమిషములకు మించి నిలువలేదు. ఆమె చేయి ఒకరి పలకమీద నుండగా చూపు మఱియొకరి వ్రేళ్లమీద నుండెను. పొయ్యిమీది పాలు పొంగకుండ కనిపెట్టుచు కూర తరుగు ఇల్లాలి చూపు అటువంటిది. "టీచర్, వీడు బలపం తినేస్తున్నాడు" అని ఎవరో అఱచినప్పటికి, ఆమె వెనుకకు తిరుగకుండగనే ఆ పిల్లవాని పేరు పలికెను. వాడు నోటిలోని ముక్కను తీసి జేబులో వేసికొనెను. తరువాత తినుటకు కాబోలు.

ఇదంతయు చూచి నేను లోలోన సంతసించుచుండగా, బల్లమీది సెల్‌ఫోను మ్రోగెను. ఆ దినము భోజనమునకు హాజరైన పిల్లల సంఖ్యను యాప్‌లో ఎక్కించలేదని మండల కార్యాలయమునుండి హెచ్చరిక. ఆ గదిలో సిగ్నలు లేదు; ఆవరణ చివర వేపచెట్టు క్రింద నుండును. ఆమె అచ్చటికి పోయి చేయి పైకెత్తి నిలుచుండెను. గడియారము చూచితిని: ఎనిమిది నిమిషములు. ఆ ఎనిమిది నిమిషములలో టేపు రెండు పక్షముల నడుమ యుద్ధకారణమయ్యెను, అట్టముక్కలలో 'ప' అను అక్షరము అదృశ్యమయ్యెను, జేబులోని బలపము మరల నోటికెక్కెను. పిల్లలు చెడ్డవారని కాదు. వారిపై నిలిచియున్న చూపొకటి తొలగినది, అంతియే.

సరస్వతి, సున్న, దెబ్బ

1823వ సంవత్సరమున బళ్లారి కలెక్టరుగా నుండిన ఎ. డి. క్యాంబెల్ – తెలుగునకు 1816లో వ్యాకరణమును, 1821లో నిఘంటువును రచించిన దొర – మద్రాసు గవర్నరు థామస్ మన్రో ఆజ్ఞానుసారము తన జిల్లాలోని దేశీయ పాఠశాలలను గూర్చి ఒక నివేదిక పంపెను. తెలుగును కన్నడమును కలగలిసిన ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. అందు బాలికలు 60 మంది మాత్రమే. వీథిబడుల వైభవమును తలచుకొని నిట్టూర్చువారు ఈ చివరి సంఖ్యను మరువరాదు. కాని ఆ నివేదికలో నాకు మిక్కిలి యాసక్తి గొలిపినది మఱియొక సంగతి: ఆ బడిలోని నిర్వహణక్రమము. పిల్లలను సామాన్యముగా నాలుగు తరగతులుగా విభజించి, చిన్న తరగతులను పెద్దపిల్లలకు కొంతవఱకప్పగించి, పెద్ద తరగతులను పంతులు తానే చూచుకొనుచు, అదే సమయమున బడియంతటిమీదను ఒక కన్ను వేసియుంచునని ఆయన వ్రాసెను. ఆ నాటి పంతులును ఏకోపాధ్యాయుడే. ఆయన సమస్యయు ఒక చూపును నాలుగు దిక్కులకు పంచుటయే.

పెద్దవాడు చిన్నవానికి చెప్పు నీ పద్ధతి మన యరుగుల మీదనుండి సముద్రము దాటినది. 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ సైనికబాలుర ఆశ్రమమునకు అధికారియైన ఆండ్రూ బెల్, ఒక దేశీయ పాఠశాలలో పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట చూచి, దానిని తన యాశ్రమమున ప్రవేశపెట్టి, పిల్లలచేతనే పిల్లలకు బోధింపజేసి, ఆ యనుభవమును 1797లో లండనులో గ్రంథముగా ప్రకటించెను. 'మద్రాసు పద్ధతి' యను పేరున అది ఇంగ్లాండులోని పేదపిల్లల బడులలో విస్తారముగా వ్యాపించినది. దేశీయుల పద్ధతి శ్లాఘనీయమనియు, ఇంగ్లాండు దానిని అనుసరించుట యుక్తమే యనియు క్యాంబెల్ ఒప్పుకొనెను. తరువాత అదియే మనకు పరదేశపు శాస్త్రముగా శిక్షణకళాశాలలలో తిరిగి వచ్చుట వేరొక కథ.

అయితే చూపు పంచుకొనలేని చోట ఆ పంతులేమి చేసెను? అదియు క్యాంబెల్ చెప్పెను. ఉదయమున మొట్టమొదట బడికి వచ్చిన పిల్లవాని అరచేతిలో 'సరస్వతి' యని వ్రాయుదురు. రెండవవాని చేతిలో సున్న చుట్టుదురు, అనగా వానికి మెప్పును లేదు, నిందయు లేదు. మూడవవానికొక చిన్న దెబ్బ, నాలుగవవానికి రెండు, అటుపై వచ్చినవానికెల్ల ఒక్కొక్కటి యధికము. ఎంతటి గణితశాస్త్రము! కడపట వచ్చినవాని యరచేయి ఎట్లుండునో యూహించుకొనవచ్చును. చదువని పిల్లవానిని చేతులు కట్టి దూలమునకు వ్రేలాడదీయుట, అలుపెఱుగక గుంజిళ్లు తీయించుట కూడ ఆ నివేదికలో కలవు. కోదండము, గోడకుర్చీ, తొడపాశము, చింతబరికె: ఈ మాటలను నేటి పిల్లలు ఎఱుగకపోవుట మన భాషకు నష్టము కాదు.

నా గది నిశ్శబ్దముగా నుండిన సంవత్సరము

2009లో శాసనమై 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము తన 17వ సెక్షనులో శారీరక దండనమును, మానసిక వేధింపును నిషేధించినది. నాటినుండి నేటివఱకు పెండ్లిపందిళ్లలోను, రైలుపెట్టెలలోను, నేను పంతులనని తెలియగానే పెద్దమనుష్యులు పలుకు మొదటి వాక్యము ఒక్కటే: బెత్తము పోయినది, భయము పోయినది, చదువు పోయినది. వారికి నేను వాదముతో బదులు చెప్పను. ఒక పిల్లవాని సంగతి చెప్పెదను.

నేనుద్యోగమున ప్రవేశించిన 1984వ సంవత్సరపు జూన్ మాసమున నా గది మిక్కిలి నిశ్శబ్దముగా నుండెను. బెత్తము బల్లమీద కనబడిన చాలును. ఎత్తవలసిన యవసరము అంతగా రాలేదు. ఆ నిశ్శబ్దమును వసారాలోనుండి విన్న ప్రధానోపాధ్యాయులవారు "కుర్రాడికి క్లాసు కంట్రోలుంది" అని మెచ్చుకొనిరి. ఆ మెప్పును నేను చాలకాలము పతకమువలె ధరించితిని. మూడవ తరగతిలో వెనుకవరుసను ఒక పిల్లవాడుండెను. ముత్యములవంటి దస్తూరి. ఇచ్చిన పనిని అందఱికంటె ముందుగా ముగించి తెచ్చువాడు; నేను ఎఱ్ఱసిరాతో సంతకము పెట్టి పంపువాడను. శ్రావణమాసమున ఒకనాడు తీరికగా వాని పుస్తకమును తిరగవేయుచుండగా, ప్రతిపుట పైభాగమునను వ్రాసియున్న పేరు వాని పేరు కాదని, వాని ప్రక్కన కూర్చుండు పిల్లవాని పేరని గమనించితిని. వానికొక్క అక్షరమైనను రాదు. ప్రక్కవాని పుస్తకమును చూచి, గీతకు గీత, సున్నకు సున్న, ముగ్గు వేసినట్లు వేయుచు, ఆ పేరును గూడ పాఠములో భాగమే యనుకొని, రెండు మాసములుగా దించుచుండెను. ప్రతిపుట యడుగునను నా యెఱ్ఱసంతకము కలదు.

ఆ గదిలో క్రమశిక్షణకు లోపము లేదు. బెత్తము తన పనిని తాను చక్కగా నెఱవేర్చినది. పిల్లలను కదలకుండ కూర్చుండబెట్టినది, వారు కదలుట లేదు గనుక నేను వారిని చూడవలసిన పని లేకుండ చేసినది. అదియే దానియందలి దోషము. మగ్గములున్న వీథిలో నడచువాడు చప్పుడు వినుచున్నంతసేపు నిశ్చింతగా నుండును. చప్పుడాగినప్పుడే ఏమి జరిగెనోయని తలయెత్తి చూచును. బడియు నట్టిదని తెలిసికొనుటకు నాకు పెక్కేండ్లు పట్టినది.

అట్లని బెత్తము కావలెనను పంతులందఱును క్రూరులని నేననను. అయిదు తరగతులను ఒక గదిలో పెట్టి, ఉన్న యొక్క సాధనమును చేతినుండి తీసికొని, దాని స్థానమున మఱియొకటి యీయకపోయినచో ఆ మనిషి యేమి చేయవలెను? ఇచ్చిన చోట్ల ఫలితము కనబడినది. 1980వ దశకమున బ్రిటిషు సాహాయ్యముతో ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకములో మాకు శిక్షణ నిచ్చిరి. ఉపాధ్యాయ కేంద్రములలో కూడుకొని, పిల్లలచేత పని చేయించుట యెట్లో ఒకరివలన నొకరము నేర్చుకొంటిమి. గోడమీద పిల్లల బొమ్మలు అంటించుట అప్పుడే మొదలుపెట్టితిని. పథకము ముగిసెను, జిగురు ఎండెను, బొమ్మలు రాలెను. కాని ఆ యలవాటు కొందఱిలో మిగిలినది.

మదనపల్లె సమీపమున రిషివ్యాలీవారు చుట్టుప్రక్కల పల్లెలలో నడపిన ఏకోపాధ్యాయ పాఠశాలలను గూర్చి విననివారు తక్కువ గాని, వాని మర్మమును గ్రహించినవారు మఱియు తక్కువ. అచ్చట పాఠ్యపుస్తకమును విడదీసి వందలకొలది చిన్న కార్డులుగా చేసి, గోడమీద ఒక నిచ్చెన పటము వ్రేలాడగట్టిరి. ప్రతి పిల్లయు తాను ఏ మెట్టుమీద నున్నదో తానే చూచుకొని, తన కార్డును తానే తెచ్చుకొనును. పంతులు పూర్తిగా దగ్గఱుండవలసినవారు ఒక గుంపు, కొంత సాయము చాలినవారు ఒక గుంపు, తోడివారిని అడిగి నేర్చుకొనువారు ఒక గుంపు, తమంతట తాము చేసికొనువారు ఒక గుంపు. తరగతులు లేవు, గుంపులే. చూపునకు ఎవరు ఎక్కువ అవసరమో వారియొద్దకు చూపు చేరును. తమిళనాడు ప్రభుత్వము దీనిని తన పాఠశాలలలో విస్తారముగా ప్రవేశపెట్టినది. తెలంగాణములో 2022 ఆగస్టునుండి జరుగుచున్న 'తొలిమెట్టు' సైతము పిల్లవాని తరగతి సంఖ్యను కాక, వానికి వచ్చిన చదువును బట్టి మొదలుపెట్టవలెనను నుద్దేశముతోనే యేర్పడినది. జూన్ మాసమున నలువదితొమ్మిది దినముల మఱపుతో వచ్చిన పిల్లలయెదుట పుస్తకము మొదటిపుట తెరచుటకంటె, ఎవడెచ్చటనున్నాడో కనుగొనుటకు రెండు వారములు వెచ్చించుట మేలని నా యభిప్రాయము. సిలబసు వెనుకబడునని భయపడువారికి, వెనుకబడిన పిల్లవానిని వదలి ముందుకు పోయిన సిలబసును నేను చూచియుంటినని మాత్రము చెప్పగలను.

ఉన్నతపాఠశాలల కష్టము వేరు. రాత్రి రెండుగంటలవఱకు సెల్‌ఫోను చూచి తెల్లవారి బల్లమీద తలవాల్చు పదునాలుగేండ్ల బాలునికి చింతపిక్కలు పనికిరావు. దానిని గూర్చి ఆ పిల్లల తల్లిదండ్రులే వ్రాయవలెను. పంతుళ్లు వ్రాసి లాభము లేదు.

చూపును దొంగిలించువారు

ఇంతకును ఆ పల్లెబడిలో పిల్లలు పంతులమ్మకు చేసిన యిబ్బంది యేమియు లేదు. ఇబ్బంది వేపచెట్టు క్రింద నుండెను. ఆంధ్రప్రదేశ్‌లో 2022నుండి ఉపాధ్యాయులు తమ హాజరును ముఖచిత్రముతో సెల్‌ఫోనులోనే నమోదు చేయవలసివచ్చినది. కొంతకాలము మరుగుదొడ్ల ఛాయాచిత్రములను సైతము ప్రతిదినము పంపించిరి, తరువాత దానిని మాత్రము తప్పించిరి. పిల్లల హాజరు, భోజనము, గ్రుడ్లు, చిక్కీలు, సంచులు, బూట్ల కొలతలు: ఒక్కొక్కటి చూడ చిన్నపని, ఒక్కొక్కదానికి సదుద్దేశము కలదు. జనాభాలెక్కలు, ఎన్నికలు, విపత్తుల సహాయము తప్ప మఱి యే ఇతర కార్యమునకును ఉపాధ్యాయుని వినియోగింపరాదని చట్టము 27వ సెక్షనులో చెప్పుచున్నది. యాప్‌లు బడిపనియేనని అధికారులు వాదింపవచ్చును. నాకది గుమాస్తాపనివలె కనబడినది. గుమాస్తాను పంపినచో ఒప్పుకొనుటకు సిద్ధముగా నున్నాను.

తరగతికొక గురువు కావలెనను మాట క్రొత్తది కాదు. 1987లో ఆరంభమైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసము రెండు గదులు, ఇద్దఱు ఉపాధ్యాయులు ఉండవలెనని సంకల్పించినది. విద్యాహక్కు చట్టపు అనుబంధము ఆ సంకల్పమును శాసనముగా మార్చినది: పిల్లలు 60 మందివఱకు ఉన్న బడికి ఇద్దఱు గురువులు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 117వ నంబరు ఉత్తరువుతో మూడు, నాలుగు, అయిదు తరగతులను పెక్కుచోట్ల ఉన్నతపాఠశాలలకు తరలించిరి; 2025లో ఆ యుత్తరువును రద్దుచేసి, పిల్లలు చాలినంతమంది యున్న చోట్ల తరగతికొక ఉపాధ్యాయుడుండునట్లు ఆదర్శ ప్రాథమిక పాఠశాలలను ఏర్పఱచిరి. అది మంచిపనియే. కాని పిల్లలు 23 మందియే యున్న కొండవాలు పల్లె ఆ లెక్కలో ఎక్కడను తగులదు.

మధ్యాహ్నము భోజనముల గంట మ్రోగెను. పిల్లలు కంచములు పట్టుకొని వసారాలో వరుసగా కూర్చుండిరి. ఉదయము గడప దాటనన్న వీరుడు అక్కకంటె ముందు కూర్చుండెను. నేను సెలవు తీసికొనుటకు లేచితిని. "మళ్లీ రండి మాస్టారూ. మీరుంటే వీళ్లని వదిలి చెట్టు కిందికి వెళ్లినా నాకు ధైర్యంగా ఉంది" అని ఆమె నవ్వుచు, క్రిందనున్న గ్రుడ్ల అట్టలను తీసి నేను ఖాళీ చేసిన కుర్చీమీద మరల పెట్టెను. చట్టము ప్రకారము ఆ కుర్చీ రెండవ ఉపాధ్యాయునిది.